పట్నం అంచున కల్లు మండువలు: చెట్టు కల్లును ఎట్ల గుర్తుపట్టాలె?

మూసీ_అవతల

హైదరాబాద్ పట్నం చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డుకు ఇటూ అటూ ఉన్న కల్లు మండువల, అంటే కల్లు పోసే జాగల, సంగతులు ఒక్కచోట రాసిపెడదామని ఈ చర్చ పెడుతున్న. అబ్దుల్లాపూర్‌మెట్, ఇబ్రహీంపట్నం, యాచారం, చేవెళ్ల, శామీర్‌పేట, ఘట్‌కేసర్, చౌటుప్పల్ దిక్కు దారులు ఎరిగినోళ్లు రాయండి. దుకాణాల పేర్లు మాత్రం వద్దు. గీసే మనిషి మారితే కల్లు మారుతది. నిరుడు మంచిగున్న జాగ ఈ ఏడు ఉంటదని లేదు. పోయినంక ఏం చూడాలె, ఏం అడగాలె, ఏ కాలంల ఏ చెట్టుది దొరుకుతది, ఇవి రాస్తే ఎప్పటికైనా పనికొస్తయి.

నా మాట ముందుగాల చెప్త. మండువల అడగాల్సినయి రెండే: ఏ చెట్టుది, ఏ పూటది. "ఈతది, పొద్దుటిది" అని టక్కున జవాబు రావాలె. "ఎన్ని సీసలు గావాలె" అని ఎదురడిగితే వెనక్కి మళ్లుడే. ఏడాది పొడుగూత ఒకే రుచి, ఒకే తీపి, ఎప్పుడు వోయినా అయిపోయిందన్న మాట లేదు అంటే అది చెట్టు మీదికెళ్లి దిగింది కాదు. మంచి మండువల కల్లు పదకొండు గంటలకే అయిపోతది. అయిపోయిందని చెప్పే మండువనే నమ్మాలె.

లొట్టి_లెక్క

అన్నా, మీరన్నదానికి లెక్క కూడా కలుస్తుంది. చెట్టుకు రోజుకు సగటున రెండున్నర లీటర్లు అనుకుందాం. కొన్ని ఐదారు ఇస్తాయి, కొన్ని ఒకటిన్నరతో ఆగుతాయి. సీసా 650 మి.లీ. రోజుకు వెయ్యి సీసాలు అమ్మే దుకాణానికి 650 లీటర్లు కావాలి, అంటే అదే రోజు పారుతున్న చెట్లు 260 ఉండాలి. ఒక మనిషి రెండు పూటలా ఎక్కి దిగేది పాతిక చెట్లు అనుకుంటే పదిమందికి పైగా గీసేవాళ్లు కావాలి. ఈ పదిమంది, ఈ 260 చెట్లు ఎక్కడున్నాయో చెప్పగలిగితే ఆ దుకాణం లెక్క సరిగ్గా ఉన్నట్టు. ఇళ్ల మధ్యలో, గోడ కట్టిన కల్లు కాంపౌండ్‌లో, చుట్టుపక్కల పది కిలోమీటర్లలో తాటిమట్ట కనబడని చోట రోజుకు మూడు నాలుగు వేల సీసాలు కదులుతుంటే ఆ లెక్క ఎక్కడా కుదరదు.

శివారు మండువకీ నగరంలోని కాంపౌండ్‌కీ అసలు తేడా ఇదే. రెండింటిలోనూ బెంచీలు, వేపచెట్టు నీడ, గుడాలు (ఉడికించిన శనగలు) అమ్మే అవ్వ ఉంటారు. చెట్టు నుంచి గొంతుకి మధ్య ఉన్న దూరమే తేడా.

వనస్థలి_చందు

చాలా బాగుంది. నాలాంటి కొత్తవాళ్ల కోసం ఏ నెలలో ఏ కల్లు వస్తుందో, ఈతకీ తాటికీ గీసే పద్ధతి ఎందుకు వేరో ఎవరైనా వివరంగా రాస్తారా? పోద్దాడు, పండుతాడు అంటుంటారు, అవేమిటి?

గీతకత్తి

చందు తమ్మీ, మొదలు ఈత. ఈతచెట్టుకు గెలను గీయరు, మెడను గీస్తరు. మొవ్వ కింద ఒక పక్క మట్టలు చెక్కి, లోపలి తెల్లటి మెత్తటి భాగం కనబడేదాక తీస్తరు. కొన్ని రోజులు ఆరనిస్తరు. తర్వాత సన్నగ గీసి, కింద చిన్న పుల్ల దిగేసి, దాని మూతికి లొట్టి (కల్లు కుండ) కడుతరు. మెడను గీసేది కాబట్టి ఆడ ఈత, మగ ఈత అన్న తేడా లేదు. ఒక ఏడు ఒక పక్క గీస్తే మళ్లీసారి ఎదురుపక్క గీయాలె. పాత ఈతచెట్టు బోదె చూస్తే ఇటొక నొక్కు అటొక నొక్కు మెట్లమెట్లుగ కనబడుతది, అవి గీసిన ఏండ్ల గుర్తులు. ఒకే పక్క మళ్లమళ్ల గీసినా, లోతు ఎక్కువ పోయినా మొవ్వ వంగిపోయి చెట్టు సస్తది.

తాడి సంగతి వేరు. తాటిచెట్టుకు గెలనే గీస్తరు. మగచెట్టు పోద్దాడు. దానికి కాయ ఉండదు, పొడుగు వేళ్ల లెక్క పూతకొమ్మలు వస్తయి. వాటిని కట్టగట్టి, నలిపి మెత్తజేసి, కొసలు సన్నగ గీసి లొట్టిల పెడుతరు. ఆడచెట్టు పండుతాడు. దాని గెల లేతగున్నప్పుడే పట్టుకోవాలె. గీసిన గెలకు ముంజలు రావు, ముంజలకు విడిచిన గెలకు కల్లు రాదు. ఎండాకాలంల ఒకే తాళ్లకాడ ముంజలు, కల్లు రెండూ దొరికితే, గెలలు పంచుకొని విడిచిపెట్టిండ్రన్న మాట.

కాలం అడిగినవు. ఈతకల్లు చలికాలంల అమృతం. కార్తీకం దాటినంక సంక్రాంతి దాక దాని రుచే రుచి. చలికి లొట్టిల పులుపు నెమ్మదిగ ఎక్కుతది, పొద్దుగాల దించితే ఇంకా తీపి ఉంటది. తాటికల్లు ఎండ ముదిరేకొద్ది జోరు మీద పారుతది. వానలు పడ్డయంటే రెండింటికీ కష్టం. లొట్టిలకు వాననీళ్లు దిగుతయి, బోదె జారుతది, కల్లు పల్చబడుతది.

గీతల పొరపాట్లు మూడు. ఒకటి, మందంగ గీసుడు. గీతకు కాగితమంత పొర లేవాలె. ఆశపడి మందంగ తీస్తే రెండు నెలలు పారాల్సిన గెల మూడు వారాలకు అయిపోతది. రెండోది, పూట తప్పుడు. ఒక్క పూట గీయకపోతే గీత ముఖం ఎండి మూసుకుంటది. మళ్ల పారుడు మొదలుకావాలంటే రెండు మూడు రోజులు పడుతది. అందుకే పెండ్లయినా సావయినా గీసే మనిషి చెట్టు విడిచి ఊరు పోడు. మూడోది, లొట్టి కడగకపోవుడు. ఇది కింద ఎవరన్నా రాస్తరు అనుకుంటున్న.

పులుపు

లొట్టి సంగతి రాస్తాను. చెట్టు నుంచి కారేటప్పుడు రసం నీళ్లలా తేటగా ఉంటుంది. అందులో పది పన్నెండు శాతం చక్కెర, ఎక్కువగా సుక్రోజు. అది లొట్టిలో పడగానే అక్కడే అంటుకొని ఉన్న ఈస్టు, బాక్టీరియా పని మొదలుపెడతాయి. కల్లుకి ఆ పాలలాంటి తెలుపు వచ్చేది ఇవి కోట్లకొద్దీ పెరిగి తేలడం వల్లే. తేటగా ఉంటే ఇంకా నీరా, తెల్లబడితే కల్లు అయిపోయినట్టే.

పొద్దున దించిన కల్లు రాత్రంతా లొట్టిలో ఉన్నది. కాబట్టి దించేసరికే కొంత సారం ఎక్కి ఉంటుంది. ముప్పై డిగ్రీల ఎండలో మధ్యాహ్నానికి నాలుగైదు శాతం ఆల్కహాలు చేరుతుంది. ఇరవై నాలుగు గంటలకి చక్కెర దాదాపు తినేయడం పూర్తవుతుంది. ఆ తర్వాత గాలి తగిలేకొద్దీ ఆల్కహాలు వెనిగరుగా మారుతుంది. గొంతులో కోసినట్టుండే పులుపు అదే. ఎండాకాలం తాటికల్లు ఉదయం ఎనిమిది లోపు, చలికాలం ఈతకల్లు పది పదకొండు లోపు తాగితే బాగుంటుందని పాతవాళ్లు చెప్పేదాని వెనక ఉన్నది ఈ వేడి లెక్కే.

ఇక లొట్టి. పాత మడ్డి కొద్దిగా ఉంటే అది తోడులా పనిచేస్తుంది, మజ్జిగచుక్క పాలని తోడుపెట్టినట్టు. మరీ ఎక్కువ మిగిలితే రసం పడీపడగానే పుల్లబడిపోతుంది, కుళ్లు వాసన వస్తుంది. వారానికి ఒకసారైనా వేడినీళ్లతో కడిగి, బోర్లించి ఎండలో ఆరబెట్టాలి. మండువ వెనక బోర్లించిన లొట్లు వరసగా ఆరుతూ కనబడితే ఆ మనిషికి పని తెలుసన్నమాట. ప్లాస్టిక్ డబ్బాలు కడితే గీతలు పడ్డ చోట మడ్డి చిక్కుకొని ఎంత కడిగినా పోదు. మట్టి లొట్టి ఎండకి పూర్తిగా ఆరుతుంది.

ఇంకో సంగతి. లొట్టి మూతికి వల గానీ మట్టతో అల్లిన కప్పు గానీ ఉండాలి. తీపి వాసనకి రాత్రిపూట గబ్బిలాలు వచ్చి గీత దగ్గర నాకుతాయి. బంగ్లాదేశ్‌లో నిపా వైరస్ మనుషులకి సోకిన దారుల్లో పచ్చి ఈతరసం ఒకటి. కప్పు ఉన్న లొట్టి కల్లే అడగండి. చీమలు, తేనెటీగలు పడితే పీచుతో వడకట్టుకోవచ్చు, గబ్బిలం ఎంగిలి మాత్రం వడకడితే పోదు.

వనస్థలి_చందు

ఈత మేలా, తాడి మేలా? ఒక్క మాటలో చెప్పండి.

మూసీ_అవతల

ఈత. తీపి నిలుస్తది, వాసన మెత్తగ ఉంటది, తలకు ఎక్కదు.

గీతకత్తి

అన్నా, ఎండాకాలంల పోద్దాడు పొద్దుటి కల్లు తాగితే ఆ మాట అనవు. ఈతకల్లు తీపి నాలుకకు మంచిగుంటది, కడుపుల బరువుగ ఉంటది. తాటికల్లు పల్చగ, చురుక్కున దిగుతది. దాహం తీర్చేది తాడే. వంకపెట్టాల్సింది రెండు కలిపి అమ్మేటోళ్లకు. నిన్నటి తాటికల్లు పుల్లబడ్డదాన్ని పొద్దుటి ఈతల కలిపి పోస్తరు. మొదటి గుక్క తీపి, చివరకు గొంతుల కోత, రెండు రుచులు విడివిడిగ తెలుస్తయి. అట్ల తెలిసిన రోజు ఆ మండువల రెండోసారి పోయించుకోవద్దు.

ఆబ్కారీ_పాతఫైలు

అనుమతుల విషయం కొంత. మన దగ్గర కల్లు అమ్మకానికి దారులు రెండు. ఒకటి కల్లుగీత సహకార సంఘం, టీసీఎస్ అంటారు. చెట్లు, దుకాణం సంఘం పేరు మీద ఉంటాయి. రెండోది టీఎఫ్‌టీ, అంటే గీసే మనిషికే చెట్లు కేటాయించి అతనికే అమ్మకం హక్కు ఇచ్చే పద్ధతి. కేటాయించిన చెట్లకు నంబర్లు వేస్తారు. శివారు పల్లెల్లో ఈ రెండో తరహా చిన్న మండువలు ఎక్కువగా కనబడతాయి. గీసినవాడే పోస్తాడు కాబట్టి అడిగితే చెట్టు చూపిస్తాడు. సంఘం దుకాణమంటే చెడ్డదని కాదు. అయితే సంఘం పేరు ముందుపెట్టి వెనక ఎవరో గుత్తకు తీసుకొని నడిపే చోట గీసేవాళ్లకూ అమ్మేవాళ్లకూ సంబంధం తెగిపోతుంది. కల్తీ అక్కడే మొదలవుతుంది.

హైదరాబాద్ నగరంలో కాంపౌండ్లు చాలా ఏళ్లు మూతపడి 2014లో తిరిగి తెరుచుకున్నాయి. గీత వృత్తివాళ్లకు అది బతుకుదెరువు, ఆ కోరిక న్యాయమైనదే. తెరిచిన దుకాణాలకు సరిపడా చెట్లు మాత్రం నగరం దగ్గర మిగల్లేదు. ఆ ఖాళీనే మందుపొడి నింపుతోంది.

వార్డ్_డ్యూటీ

ఆ మందుపొడి గురించి స్పష్టంగా రాయాలి. చదివేవాళ్లు ఇది మాత్రం దాటేయొద్దు.

కల్తీకల్లులో ఏళ్లుగా పట్టుబడుతున్నవి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్. తీపికి శాకరిన్. నీళ్లు కలిపి పల్చబడ్డ కల్లుకు మత్తు తెచ్చేది ఈ మందులే. ఇవి నిద్రమాత్రల జాతివి. ఆల్కహాలుతో కలిస్తే రెండూ ఒకదాన్నొకటి పెంచి ఊపిరిని మందగింపజేస్తాయి. ఎంత కలిపారో కలిపినవాడికే తెలియదు. ఒక డ్రమ్ములో అడుగున పొడి పేరుకుంటే మొదటి సీసాకీ చివరి సీసాకీ చాలా తేడా ఉండొచ్చు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి మనుషులు చనిపోయారు. చాలామందికి వాంతులు, విరేచనాలతో మొదలై కిడ్నీలు దెబ్బతిన్నాయి.

చెట్టు కల్లు తాగినవాళ్లకు మాట పెరుగుతుంది, చెమట పడుతుంది, రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. మందు కలిసింది తాగినవాళ్లకు కళ్లు మూతపడతాయి, నాలుక మందమవుతుంది, అడుగు తడబడుతుంది, మరుసటి రోజు జరిగింది గుర్తుండదు. ఒక్క సీసాకే మనిషి కూర్చున్నచోట ఒరిగిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. మజ్జిగ తాగిస్తే దిగుతుందని కూర్చోవద్దు. మత్తులో ఉన్నవాళ్ల గొంతులో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

రెండోది ఇంకా ముఖ్యం. రోజూ కల్తీకల్లు తాగే అలవాటున్నవాళ్లను ఒక్కసారిగా మాన్పించకండి. రెండు మూడు రోజుల్లో నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం, లేనివి కనబడడం, మూర్ఛలు వస్తాయి. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి మందు లేని కల్లు రాగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు చాలామంది ఇలాగే ఆసుపత్రుల్లో చేరారు. దయ్యం పట్టిందని గుళ్లకు తిప్పినవాళ్లూ ఉన్నారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి గానీ, జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి గానీ తీసుకెళ్లి, "రోజూ ఇన్ని సీసాల కల్లు తాగుతారు, ఎన్నేళ్లుగా" అని సిగ్గుపడకుండా చెప్పాలి. మందు తగ్గించుకుంటూ మాన్పిస్తారు, నయమవుతుంది.

లొట్టి_లెక్క

డాక్టరుగారూ, ఇంట్లో పరీక్ష ఏమైనా ఉందా? గ్లాసులో పోసి మూడు గంటలు పక్కన పెడితే తెలుస్తుందంటారు.

పులుపు

ఆ పరీక్షకి సగం విలువ ఉంది. చెట్టు కల్లు గ్లాసులో పెట్టినా పనిచేస్తూనే ఉంటుంది. సన్న బుడగలు అడుగునుంచి ఆగకుండా లేస్తాయి, గంట గంటకీ తీపి తగ్గి పులుపు పెరుగుతుంది, అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. ఈస్టు శాకరిన్‌ను తినలేదు. కాబట్టి ఆరు గంటల తర్వాత కూడా అంతే తీపి ఉంటే శాకరిన్ పడిందని అనుమానించాలి. నురగ సబ్బునీళ్లలా గట్టిగా నిలబడినా అనుమానించాలి.

ఆల్ప్రజోలమ్ మాత్రం రుచికీ వాసనకీ కంటికీ దొరకదు. దాన్ని తేల్చేది ప్రయోగశాలే. గ్లాసు పరీక్ష నెగ్గింది కాబట్టి మందు లేదని ఎవరూ అనుకోవద్దు.

ఆబ్కారీ_పాతఫైలు

అనుమానం ఉంటే సీసా పారబోసి ఊరుకోకుండా ఎక్సైజ్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి. వాళ్లు దుకాణంలోనే నమూనా తీసి సీలువేసి ప్రయోగశాలకు పంపాలి. ఇంటికి తెచ్చుకున్న సీసా నమూనాగా నిలబడదు, ఏ దుకాణం అన్నది రుజువు కాదు. అందుకే ఏ రోజు, ఏ వేళ, ఏ దుకాణం అన్నవి రాసి ఇవ్వడం ముఖ్యం. డైజిపామ్, ఆల్ప్రజోలమ్ దొరికితే మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది, మామూలు కల్తీ కేసు కంటే చాలా బరువైనది.

చాక్నా_అక్క

కల్లు గురించే రాస్తున్నరు, పక్కన పెట్టుకునేది రాయరా? కల్లు తీపి పులుపు గాబట్టి పక్కన ఉప్పు కారం ఉండాలె, నమిలేది ఉండాలె. అందుకే గుడాలు, బోటి, ఉడకబెట్టిన గుడ్లు, ఎండు చేపలు. నూనెల మునిగే బజ్జీలు కల్లుతోని కడుపుల మంట పెడుతయి.

గుడాలకు అర కిలో నల్లశనగలు ఎనిమిది గంటలు నానాలె, కుక్కర్ల నాలుగైదు కూతలు. బబ్బెర్లయితే నాలుగు గంటల నానుడు, రెండు కూతలు, లేకుంటే పప్పు అయితయి. ఉడికినంక నీళ్లు మొత్తం వంపి ఆరబోయాలె. తడి మీద పోపు వేస్తే ముద్దగయి గంటకే వాసనొస్తది. రెండు గంటెల నూనె, ఆరు పచ్చిమిరపకాయలు, రెండు ఉల్లిగడ్డలు, కరివేపాకు, ఉప్పు. దించినంక నిమ్మకాయ.

బోటి కథ మొత్తం కడుగుడులనే ఉన్నది. కిలో బోటికి మసలే నీళ్లు పోసి రెండు నిమిషాలు, అంతే. ఎక్కువుంచితే నల్లపొర మళ్ల అతుక్కుంటది, గీకినా రాదు. పొట్ట భాగాన్ని గీకి తెల్లగ చేయాలె. పేగులను సన్న పుల్లకు తొడిగి లోపలి దిక్కు బయటికి తిప్పి దొడ్డుప్పు, పసుపు పెట్టి రుద్ది అయిదు నీళ్లు కడగాలె. చివరి నీళ్లు తేటగ ఉంటేనే సరి. అర చెంచా పసుపు, చెంచా ఉప్పు, గ్లాసు నీళ్లతోని ఆరేడు కూతలు. ఆ నీళ్లు పారబోసి, కొత్తగ నాలుగు గంటెల నూనెల రెండు ఉల్లిగడ్డలు, రెండు చెంచాల అల్లం ఎల్లిగడ్డ, రెండు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి వేసి నడిమి మంట మీద ఇరవై నిమిషాలు తడి ఇగిరేదాక వేంచాలె. మండువల బోటి వాసన కొడుతున్నదంటే మసాలా తక్కువైందని కాదు, పొర గీకలేదన్నట్టు. అది తినొద్దు.

మూసీ_అవతల

అక్కా, బోటి నీళ్లు పారబోస్తే రుచంతా పోతది కదా. కొందరు ఆ నీళ్లల్లనే ఇగురుపెడుతరు.

చాక్నా_అక్క

ఇంట్ల నువ్వే నిలబడి కడిగిన బోటి అయితే ఆ నీళ్లు ఉంచు తమ్మీ. వంద మందికి వండే కాడ పారబోసుడే మంచిది.

ఇంకో మాట. మండువలకు ఆడోళ్లు పోవుడు మన దిక్కు కొత్త కాదు. నాట్లకాడికెళ్లి, కోతలకాడికెళ్లి వచ్చినోళ్లు ఒక పక్క కూసొని తాగి పోతరు, ఎవరూ తప్పు పట్టరు. ఆడోళ్లు కూసునే జాగ విడిగ ఊడ్చి, నీళ్లు చల్లి, నీడ ఉన్న మండువ కల్లు గూడ శుభ్రంగుంటది. ఇంటోళ్ల చేతుల నడిచే మండువ అట్లనే ఉంటది. ఒక్కటి మాత్రం, పిల్లలకు తాగిపియ్యొద్దు. మందని చెప్పి చెంచాడు పోసే అలవాటు పాతది, మంచిది కాదు.

వనస్థలి_చందు

తాటాకు రేకలో తాగడం ఎలా? సీసా కంటే అది నిజంగా మేలా, లేక ఫొటోల కోసమా?

గీతకత్తి

మేలే. లేత తాటాకు ఒక రెక్కను మధ్యలకు మడిచి దొన్నె లెక్క చేసుకోవాలె. రెండు చేతులతోని పట్టి ఒక కొస నోటికి ఆనియ్యాలె. పోసేటోడు లొట్టి మూతికి పీచు అడ్డంపెట్టి సన్నధార పోస్తడు. ధార ఎక్కువైతే మెడ మీదికెళ్లి కారుతది. చాలన్నప్పుడు రేక కొద్దిగ దించితే పోసేటోడు ఆపుతడు, నోటితోని చెప్పే పని లేదు. ముదురాకు అయితే మడత కాడ పగిలి కారుతది. రేక ఎవరిది వాళ్లదే, తాగినంక పారేసుడే, ఎంగిలి లేదు. సీసలు మాత్రం ఒక్క తొట్టిల ముంచి తీస్తుంటరు, ఆ నీళ్లు ఎన్నిసార్లు మారుతయో చూసుకోండి. రేకల ఇంకో లాభం, కల్లు లొట్టిలకెళ్లి నీ కండ్ల ముందటనే వస్తది. డ్రమ్ముల కలిపింది రేకల పోయరు.

లొట్టి_లెక్క

కారు వేసుకొని వచ్చేవాళ్లకి ఒక లెక్క. 650 మి.లీ. సీసాలో అయిదు శాతం అంటే 32 మి.లీ. చిల్లర ఆల్కహాలు, బరువులో పాతిక గ్రాములు. స్ట్రాంగ్ కాని పెద్ద బీరుసీసాకి సమానం. నడిపేవాళ్లకి చట్టం ఒప్పుకునేది 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మాత్రమే. కల్లు కదా, ప్రకృతి పానీయం కదా అంటే ఊదే యంత్రం వినదు. డ్రైవరుకి గుడాలు, మజ్జిగ.

వనస్థలి_చందు

నీరా సంగతి? షుగర్ ఉన్నవాళ్లు తాగొచ్చని బోర్డులు చూశాను.

వార్డ్_డ్యూటీ

తాగొచ్చని నేను చెప్పను. పైన పులుపు గారు రాసినట్టు పది పన్నెండు శాతం చక్కెర ఉంది. 300 మి.లీ. గ్లాసులో ముప్పై గ్రాములు దాటుతుంది. అందులో ఖనిజాలు ఉండొచ్చు, చక్కెర చక్కెరే. కిడ్నీలో రాళ్లు కరుగుతాయన్న మాట నమ్మి వైద్యం మానుకోవద్దు.

పులుపు

నీరా నిలవాలంటే రెండే మార్గాలు. లొట్టి లోపల సున్నం పూసి పులియకుండా ఆపడం, లేదా చెట్టు మీదనే చల్లటి పెట్టెలో పట్టి దించగానే నాలుగు డిగ్రీల దగ్గర ఉంచడం. సున్నం ఎక్కువైతే నాలుకకి గరగర, తక్కువైతే దారిలోనే కల్లు. బెల్లం వండేవాళ్లకి సున్నం రసం చాలు, తాగడానికి చల్లటిదే మేలు. నెక్లెస్ రోడ్డులో 2023 మేలో నీరా కేఫ్ తెరిచాక నగరంలో నీరా రుచి చాలామందికి తెలిసింది. శివారులో సూర్యోదయానికి ముందు వెళ్లి కొత్త లొట్టి రసం అడిగితే అదే రుచి చెట్టు కిందే దొరుకుతుంది.

ఆబ్కారీ_పాతఫైలు

గీసే మనిషి గురించి ఎవరూ రాయలేదు. తాడి అరవై, ఎనభై అడుగులు. నడుముకు, బోదెకు కలిపి చుట్టిన మోకు, కాళ్లకు బంధంగా వేసుకునే గుజి, నడుముకు కత్తి, లొట్టి వేలాడే ముస్తాదు, ఇంతే ఆధారం. మోకు అరిగిందా, తడిసిందా అన్నదాని మీద ప్రాణం ఉంటుంది. పడితే వెన్నెముకే. 2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలైంది. నడుము, తొడలు పట్టే బెల్టు ఉంటుంది. జారినా వేలాడి ఆగుతారు. ఎక్కే వేగం మొదట్లో తగ్గుతుందని కొందరు పక్కన పెడుతున్నారు. నెలరోజులు ఓపిక పట్టి అలవాటు చేసుకోవాల్సిన వస్తువు అది. మీరు వెళ్లే మండువలో కిట్టు గోడకు వేలాడుతుంటే ఎందుకు వాడట్లేదని అడగండి. కొనేవాళ్లు అడిగితే పట్టించుకుంటారు.

గీతకత్తి

సార్ చెప్పింది నిజం. ఇంకోటి గూడ అడగుండ్రి, వెంచర్లల్ల తాళ్లు ఏమైనయని. ప్లాటు చేసేటప్పుడు మొదలు పడేది ఈతవనమే. అనుమతి లేకుంట కొడితే ఆబ్కారీ వాళ్లు కేసు పెడుతరు, అయినా రాత్రికి రాత్రి జేసీబీ దించుతున్నరు. ఈత నాటితే గీతకు ఏడెనిమిదేండ్లు, తాడి అయితే పదిహేనేండ్లు, అంతకు మించి గూడ. హరితహారంల చెరువుకట్టల మీద పెట్టిన మొక్కలు బతికిన కాడ ఈత గీతకు వస్తున్నది. కట్టల మీది వాటిని పశువులు మేయకుండ మొదటి మూడేండ్లు కంప కొట్టాలె, ఎండాకాలంల వారానికి రెండు బిందెలు పోయాలె. ఆ మూడేండ్లు దాటితే ఈతకు ఎవరి సాయం అక్కరలేదు.

వనస్థలి_చందు

అందరికీ దండాలు. చివరి ప్రశ్న. ఇంట్లో పెద్దవాళ్ల కోసం రెండు లీటర్లు తేవాలంటే ఎలా తేవాలి? డిక్కీలో సీసా పేలిందని విన్నాను.

పులుపు

పేలుతుంది. సీసాలోనూ పులియడం ఆగదు, గ్యాసు వస్తూనే ఉంటుంది. గాజుసీసా వద్దు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో ముప్పావు వరకే పోయించుకోండి, పావు ఖాళీ ఉంచండి. మూత గట్టిగా బిగించకుండా ఒక చుట్టు వదులుగా పెట్టి, సీసా నిలువుగా ఉండేలా బకెట్లో ఐస్ మధ్య దించండి. దారిలో ఇరవై నిమిషాలకోసారి మూత సడలించి గ్యాసు వదలాలి. డిక్కీలో వద్దు, ఎండకి అక్కడ వేడి ఎక్కువ. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, సాయంత్రం లోపు తాగేయాలి. మిగిలితే మరుసటి రోజు పిండి పులియడానికి పనికొస్తుంది, కేరళలో అప్పాలకి అలానే వాడతారు. రెండు కప్పుల బియ్యప్పిండికి పావు కప్పు చాలు.

మూసీ_అవతల

చందు, నువ్వు ఉండేది వనస్థలిపురం అయితే పొద్దుగాల ఆరింటికి బయలుదేరి విజయవాడ రోడ్డు పట్టు. అబ్దుల్లాపూర్‌మెట్ దాటినంక పెద్ద రోడ్డు మీద బోర్డు పెట్టినయి విడిచిపెట్టి, ఎడమకో కుడికో ఊర్లెకు దిగు. చెరువుకట్ట దొరికేదాక పో. కట్ట మీద మోకు భుజానేసుకొని వచ్చే మనిషి ఎదురైతే బండి ఆపి, ఏ చెట్టుది, ఏ పూటది అని అడుగు. రెండు లీటర్లకు రెండు పెద్ద ప్లాస్టిక్ సీసలు, ఐసు మర్చిపోకు.